సొట్ట తీసే మాట

నలుగురి ముందు మాట్లాడటానికి లేచే ముందు నేను లోలోపల కొన్ని ఇంగ్లీషు మాటలు అనుకుంటాను. డస్ట్, వీడ్, పీల్, స్కేల్, డెంట్. ఇది మంత్రం కాదు. పెదవులు కదలకుండా ఒకసారి అనుకుని, ఆ తర్వాత నోరు తెరుస్తాను. ఈ సంగతి ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. అమ్మకు చెబితే నవ్వుతుంది. నాతో పనిచేసే టీచర్లకు చెబితే వాళ్లూ తమ తమ అలవాట్లు చెప్పుకొస్తారు, ఆ తర్వాత నేను లేచినప్పుడల్లా నా పెదవుల వంక చూస్తారు. రోజూ డైరీ రాసే అలవాటున్నా అందులోనూ దీన్ని రాయలేదు. దాచాలని కాదు, రోజూ పళ్లు తోముకోవడం గురించి ఎవరు మాత్రం రాసుకుంటారు?

ఈ ఉదయం స్కూలుకు వెళ్లే బస్సు తప్పిపోయి ఆటో ఎక్కాను. బండ్ల రిపేరు షెడ్లుండే ఆటోనగర్ గేటు దగ్గర ఒక లారీ రోడ్డుకు అడ్డంగా తిరుగుతుంటే అందరం ఆగిపోయాం. లోపలి షెడ్ల నుంచి థిన్నర్ వాసన, దానితోపాటు రేకు మీద సుత్తి దెబ్బలు. పక్కన కూర్చున్నావిడ ముక్కుకు చున్నీ అడ్డం పెట్టుకుంది. నేను మాత్రం గాలి లోపలికి పీల్చుకున్నాను. ఆ వాసనకు నాకు కామేశ్వరి మేడం గుర్తొస్తారు. ఇంగ్లీషు లెక్చరరుగా చేసి రిటైరైన మనిషి పుస్తకాల వాసనతో గుర్తుకు రావాలి గానీ కారు రంగు వాసనతో గుర్తుకు రావడమేమిటని అనిపించవచ్చు. నేను ఆమెను మొదట చూసింది మా నాన్న షెడ్డులో. ఆమెకు కారు నడపడం సరిగా రాదు. వచ్చి ఉంటే ఆమె నాకు పరిచయమే అయ్యేది కాదు.

మా నాన్న సాంబశివరావు కంకిపాడు దగ్గరి పల్లెటూరివాడు. అన్నదమ్ములకు పంచితే పొలం చాలదని చిన్నతనంలోనే ఆటోనగర్‌కు పని నేర్చుకోవడానికి వచ్చాడు. కార్లకు పడిన సొట్టలు తీసి, పుట్టీ పెట్టి, రుద్ది, రంగు వేస్తాడు. షెడ్డు మీద 'డెంటింగ్ అండ్ పెయింటింగ్' అని ఇంగ్లీషులో బోర్డు ఉంటుంది. అలాంటి బోర్డు లేని సందు ఆటోనగర్‌లో కనిపించదు. నేను కూడబలుక్కుని చదివిన మొదటి ఇంగ్లీషు మాట ఏ పుస్తకంలోదీ కాదు, ఆ బోర్డు మీదిదే.

డిగ్రీ మొదటి సంవత్సరంలో ఇంగ్లీషు క్లాసులో అందరినీ లేపి కుటుంబం గురించి చెప్పమన్నారు. నా వంతు వచ్చింది. ఇంటి దగ్గర అద్దం ముందు అనుకుని వచ్చిన వాక్యమే చెప్పాను. "మై ఫాదర్ డస్ డెంటింగ్." సారు చిరునవ్వు నవ్వారు. "డెంట్ చేయడమంటే సొట్ట పెట్టడమమ్మా. అయితే మీ నాన్నగారు ఊళ్లో కార్లన్నిటికీ సొట్టలు పెడుతుంటారా?" క్లాసంతా ఒక్కసారిగా నవ్వింది. ఆయన చెడ్డవారేం కాదు. డిక్షనరీ తెప్పించి చూపించారు కూడా, అందులో ఆయన చెప్పినట్టే ఉంది. ఆయన ఆ రోజే మర్చిపోయి ఉంటారు, క్లాసు మాత్రం మర్చిపోలేదు. "ఏయ్ సొట్టా, రికార్డు రాశావా?" "సొట్టా, జరుగు కొంచెం." పగతో అన్నవేమీ కావు, అలవాటుగా అనేవాళ్లు. నేను ముందు ఇంగ్లీషు మాట్లాడటం మానేశాను. తర్వాత నలుగురి ముందు ఏ భాషైనా గొంతులోనే ఆగిపోవడం మొదలైంది. ఇంట్లో చెప్పలేదు. చెబితే నాన్న బోర్డు మార్పిస్తాడని భయం.

ఆ వేసవి సెలవుల్లో నాన్నకు మధ్యాహ్నం క్యారేజీ తీసుకెళ్లేదాన్ని. ఆయన తినేదాకా ఒక పాత సీటు మీద కూర్చుని లైబ్రరీ పుస్తకం చదువుకునేదాన్ని. ఒకరోజు ఒక తెల్లకారు షెడ్డు ముందు కదులుతూ ఆగుతూ, ఆగుతూ కదులుతూ, చివరికి ఆగింది. నేత చీర కట్టుకున్న పొట్టి మనిషి దిగారు.

"సాంబశివరావు గారూ, మళ్లీ తెచ్చానండీ."

"ఈసారి ఏం అడ్డమొచ్చింది మేడం గారూ?"

"గేటండీ. మా గేటే."

"మొన్నా గేటేనన్నారుగా?"

"మొన్న ఎడం రెక్క. ఇవాళ కుడిది. నాకు పక్షపాతం లేదు."

నాన్న నవ్వుతూ డోరు మీద అరచెయ్యి పెట్టి సొట్ట లోతు చూస్తున్నాడు. ఆమె తలెత్తి బోర్డు చూశారు. చాలాసేపు చూశారు. "ఈ డెంటింగ్ అనే మాట ఎవరు పెట్టారండీ?" అని అడిగారు.

"ఒకరు పెట్టేదేముందండీ? మా గురువు బోర్డు మీదా అదే ఉండేది."

"భలే మాటండీ," అన్నారామె.

ఇక సారు అన్నమాటే ఈమె కూడా అంటుంది, నాన్న వింటాడు. అంతకంటే ముందు నేనే అనేస్తే నయమనిపించిందేమో, పుస్తకంలోంచి తలెత్తకుండా అన్నాను. "అది తప్పంటండీ."

నాన్న చెయ్యి డోరు మీదే ఆగిపోయింది. ఆమె నా వైపు వచ్చారు. "ఎవరన్నారమ్మాయ్?"

"మా కాలేజీ సారు. డెంట్ చేయడమంటే సొట్ట పెట్టడమంట. తీయడం కాదంట."

"డిక్షనరీలో అలాగే ఉంటుంది. ఆయన చెప్పింది నిజమే. సరే, మీ ఇంట్లో డస్టింగ్ ఎవరు చేస్తారు?"

"నేనేనండీ."

"డస్ట్ అంటే దుమ్ము. మరి నువ్వు దుమ్ము తెచ్చి ఇల్లంతా చల్లుతావా?"

"లేదండీ, దులుపుతాను."

"వీడ్ అంటే కలుపు మొక్క. వీడింగ్ చేయడమంటే కలుపు నాటడమా?"

"నాటితే మా పెదనాన్న వీపు చీరేస్తాడండీ," అన్నాడు నాన్న. "తీయడమే."

"పీల్ అంటే తొక్క. పీలింగ్?" "తొక్క తీయడం," అన్నాను. "చేప మీద స్కేల్ అంటే పొలుసు. స్కేలింగ్?" "పొలుసు తీయడం." "అయితే డెంట్ అంటే సొట్ట. డెంటింగ్?"

నేను పుస్తకం మూశాను. జవాబు చెప్పాల్సిన పని లేకపోయింది. ఆమె చీర కుచ్చిళ్లు పైకి పట్టుకుని నా పక్కన ఇంకో పాత సీటు మీద కూర్చున్నారు. "ఇంగ్లీషులో వస్తువు పేరునే పనికి పేరుగా వాడేస్తారమ్మాయ్. బటర్ అంటే వెన్న, రొట్టెను బటర్ చేయడమంటే వెన్న పూయడం. డస్ట్ చేయడమంటే దుమ్ము తీయడం. పూయడమా తీయడమా అన్నది మాటలో ఉండదు, వాడేవాళ్ల అవసరంలో ఉంటుంది. ఇంగ్లండు వాళ్లకు సొట్ట పడటం గురించి చెప్పుకోవాల్సొచ్చింది, మన షెడ్లవాళ్లకు తీయడం గురించి చెప్పుకోవాల్సొచ్చింది. సొట్ట పెట్టించుకోవడానికి ఇంతదూరం ఎవరొస్తారే? ఆ పని నేను ఇంటి దగ్గరే ఫ్రీగా చేసుకుంటాను."

నాన్న గట్టిగా నవ్వాడు. ఆమె వెళ్లాక, అన్నం తింటూ, "మీ సారు ఎప్పుడన్నాడమ్మా ఆ మాట?" అని మాత్రం అడిగాడు. "ఎప్పుడో," అన్నాను. ఆయన బోర్డు మార్చలేదు.

కారు తీసుకోవడానికి వచ్చిన రోజు ఆమె నన్ను టైపింగ్ వచ్చా అని అడిగారు. ఇంగ్లీషులో కొత్త మాటలు ఎలా పుడతాయన్న దాని మీద డిగ్రీ పిల్లల కోసం పాఠాలు రాస్తున్నారు, టైపు చేసేవాళ్లు కావాలి. పటమటలో మా ఇంటికి రెండు సందుల అవతలే ఆమె ఇల్లు. గేటు రెక్కలు రెండూ లోపలికి వంగి ఉండటంతో కొత్తవాళ్లు కూడా తేలిగ్గా గుర్తుపట్టేవారు. ఆ రోజు నుంచి బీఈడీ ముగిసేదాకా సాయంత్రాలు ఎక్కువగా అక్కడే గడిచాయి.

ఆమె ఏ సంగతికైనా వ్యాకరణం పేరు చివర చెప్పేవారు, ముందు షెడ్డు భాషలో చెప్పేవారు. నాన్నతో మాట్లాడి మాట్లాడి ఆమెకు ఆ భాష వచ్చేసింది. బ్రేక్‌ఫాస్ట్ ముందు భాగం, లంచ్ వెనక భాగం కోసి వెల్డింగ్ చేస్తే బ్రంచ్. ఇన్‌ఫ్లుయెంజాకు ముందు బంపరు, వెనక బంపరు పీకేస్తే ఫ్లూ. అన్నిటికంటే ఆమెకు ఇష్టమైనది బర్గర్. "హాంబర్గ్ అని జర్మనీలో ఒక ఊరు. ఆ ఊరిదని హాంబర్గర్ అన్నారు. మనం గుంటూరు కారం అన్నట్టు. జనం ఏం చేశారు? హామ్ వేరు, బర్గర్ వేరు అనుకుని ఊరి పేరును అడ్డంగా కోశారు. బర్గర్ అనే పార్టు చేతికొచ్చింది. దాన్ని తీసుకెళ్లి చీజ్‌కు బిగించారు, చికెన్‌కు బిగించారు. అన్నిటికీ పట్టింది. మీ ఆటోనగర్‌లో ఒక బండి పార్టు ఇంకో బండికి వేయడం లేదూ? ఇదీ అంతే."

ఆమెతో బయటికి వెళ్తే నడక సాగేది కాదు, ప్రతి బోర్డు దగ్గరా ఆగేవారు. ఒకసారి పటమట బస్టాపులో నిలబడి ఉండగా, "బస్సంటే అర్థం తెలుసా నీకు?" అని అడిగారు. తెలియదన్నాను.

"చతుర్థీ విభక్తి ప్రత్యయాలేంటి?"

"కొరకున్, కై."

"ఆ. పూర్వం దీన్ని ఆమ్నిబస్ అనేవారు. లాటిన్ మాట. అందరి కొరకు అని అర్థం. అంత పొడుగు ఎవరు పలుకుతారని ముందు భాగం కోసేశారు. చివర మిగిలిన బస్ ముక్కకు సొంతంగా అర్థమే లేదు, అది ఒట్టి విభక్తి. అంటే అందర్నీ దించేసి, కొరకును మాత్రం ఉంచుకున్నారన్నమాట. మనం రోజూ కొరకు ఎక్కి తిరుగుతున్నాం."

నేను బస్టాపులో, అంతమంది మధ్య, పైకి నవ్వేశాను. నా నవ్వు నాకే కొత్తగా వినిపించింది. అప్పటి నుంచి మా ఇద్దరికీ బస్సు లేదు, కొరకే. "కొరకు ఆలస్యమైందండీ," అనేదాన్ని. "కొరకులో సీటు దొరికిందా?" అని అడిగేవారు. ఆమె ఇంటికి వచ్చిన చుట్టాలు మాకు ఏదో అయిందనుకునేవారు.

అయితే ఆమె దగ్గర అన్ని తప్పులూ చెల్లేవి కావు. ఒకనాడు బఠాణీల గురించి చెప్పారు. ఇంగ్లీషులో మొదట వాటిని పీజ్ అనేవారట, చివరి శబ్దం విని జనం అది బహువచనమనుకున్నారట, ఒక్క గింజను పీ అనడం మొదలుపెట్టారట. లేని తోకను కోస్తే పుట్టిన మాట. మర్నాడు నేను టైపు చేసిన పేజీలో స్పెల్లింగు తప్పు దొరికింది. "తప్పుల్లోంచే మాటలు పుడతాయన్నారుగా?" అన్నాను. అంత మాట అనగలిగానే అని నాకు లోపల సంతోషంగా కూడా ఉంది. ఆమె కళ్లజోడు తీసి నా వంక చూశారు. "డెంటింగ్ ఒక పని చేసి పెడుతోంది. అది లేకపోతే మీ నాన్న బోర్డు మీద ఏం రాయాలో తెలియదు. నీ ఈ తప్పు ఏం పని చేసి పెడుతోంది? బద్ధకాన్ని మోస్తోంది, అంతే. దిద్దు." దిద్దాను. ఆ సాయంత్రం మళ్లీ ఆమె నాతో మాట్లాడలేదు. పచ్చడి సీసా చేతిలో పెట్టి పంపేశారు.

టైపు చేసిన పేజీలు పైకి చదవాలని ఇంకో నియమం. నేను ముందు గదిలో నిలబడి చదవాలి, ఆమె వంటింట్లో పని చేసుకుంటూ వినేవారు. ఆవాలు చిటపటమంటున్నా ఆపకూడదు, మిక్సీ తిరుగుతున్నా ఆపకూడదు. "వినపళ్లేదు!" అని అరుపు వచ్చేది. ఇంకా పెంచితే, "నోట్లో నమలకు, అదేమన్నా జంతికా?" అనేవారు. భయం పోగొట్టుకోమని ఆమె ఒక్కనాడూ అనలేదు. పోపు మీదుగా వినిపించమనేవారు, అంతే. అక్కడ నా ఎదురుగా మనిషి ఉండేది కాదు గనుక గొంతు వచ్చేది. మనుషులు ఎదురుగా ఉంటే మళ్లీ మొదటికి వచ్చేది.

ఆ సంగతి బీఈడీ అయ్యాక బయటపడింది. టీచరు ఉద్యోగానికి స్కూళ్లలో డెమో క్లాసు చెప్పిస్తారు. మొదటి స్కూల్లో గుడ్మార్నింగ్ తర్వాత నాకు మాట రాలేదు. రెండో స్కూల్లో పాఠమంతా బోర్డు మీద రాసి, వెనక్కి తిరగకుండా ముగించాను. మూడోది పెనమలూరు దాటాక ఒక హైస్కూలు. ముందు రోజు అమ్మ బట్టలు మడతపెడుతూ అంది. "ఈసారీ నోరు పెగలకపోతే వదిలెయ్యవే. ఏ ఆఫీసులోనో టైపింగు పని చూసుకో. మాట్లాడక్కర్లేని పనులు లేవా?" కోపంతో అన్నది కాదు. అందుకే ఎక్కువ బాధేసింది. నాకు టీచరు కావాలనే ఉంది, కానీ అమ్మ చెప్పింది సబబుగా కూడా ఉంది.

ఆ స్కూల్లో తొమ్మిదో తరగతి పిల్లలు, వెనక బెంచీలో ప్రిన్సిపాల్ గారు, పక్కన ఇద్దరు టీచర్లు. నేను చాక్‌పీసు తీసుకుని నిలబడ్డాను. గొంతు అలవాటు ప్రకారం ఆగిపోయింది. ముందు బెంచీ అమ్మాయి నన్నే చూస్తోంది. ఏం చెప్పాలో గుర్తులేదు గానీ, షెడ్డులో పాత సీటు మీద కూర్చుని విన్న మాటలు మాత్రం వరసగా లోపల కదిలాయి. డస్ట్, వీడ్, పీల్, స్కేల్. వాటిని అలాగే పైకి అన్నాను. "ఇంట్లో డస్టింగ్ ఎవరు చేస్తారు?" చేతులు లేచాయి. "దుమ్ము చల్లుతారా?" పిల్లలు నవ్వారు. అక్కడి నుంచి పాఠం దానంతట అదే నడిచింది. చివర బోర్డు మీద డెంట్ అని రాసి, డెంటింగ్ అంటే ఏంటని అడిగాను. సగం మంది సొట్ట పెట్టడమన్నారు, సగం మంది తీయడమన్నారు. "తీయడమే మేడం, మా మావయ్య చేస్తాడు!" అని వెనక నుంచి ఒక పిల్ల లేచి నిలబడి మరీ అరిచింది.

ప్రిన్సిపాల్ గారు చెయ్యెత్తారు. "డిక్షనరీ ప్రకారం సొట్ట పెట్టడమే కదమ్మా?"

"అవునండీ. పరీక్షలో పిల్లల్ని అలాగే రాయమంటాను. కానీ షెడ్ల బోర్డుల మీద ఉన్నది తప్పు కాదండీ, అది మనవాళ్లు చేసుకున్న మాట." అక్కడితో ఆపవచ్చు. ఆపలేదు. "మై ఫాదర్ డస్ డెంటింగ్," అన్నాను. అదే వాక్యం.

ఎవరూ నవ్వలేదు. ప్రిన్సిపాల్ గారు మాత్రం, "మా కారు వెనక డోరు ఒకసారి చూస్తారేమో అడిగి చెప్పండి," అన్నారు. అప్పుడు అందరూ నవ్వారు, నేను కూడా. సోమవారం నుంచి రమ్మన్నారు.

గేటు బయటికి వచ్చి మేడంకు ఫోన్లో మెసేజ్ పెట్టాను. "అందరి ముందు డెంటింగ్ అన్నానండీ. ఉద్యోగం వచ్చింది." కాసేపటికి రెండు టిక్కులూ నీలంగా మారాయి. జవాబు రాలేదు. రాదని తెలుసు. "టైపు చేయడం నీ పని, మాట్లాడటం నాది," అనేవారు. గుడివాడలో చెల్లెలింటికి ఆ మధ్యాహ్నమే వెళ్తున్నారు, వచ్చాక మాట్లాడతారనుకున్నాను. మర్నాడు తెల్లవారుజామున అక్కడే గుండె ఆగిపోయిందని పక్కింటివాళ్లు వచ్చి చెప్పారు.

ఆమె కారు అప్పటికి నాన్న షెడ్డులోనే ఉంది. మళ్లీ గేటే. నాన్న ఆ వారమంతా వేరే బండి ముట్టుకోకుండా దాని పని చేశాడు. పాత సొట్టలు, ఆమె వదిలేయమన్నవి కూడా, అన్నీ తీశాడు. ఆమె చెల్లెలి కొడుకు వచ్చి తీసుకెళ్తుంటే ఆటోనగర్ గేటు దాకా వెళ్లి నిలబడ్డాడు. "ఆవిడ బండిలాగే లేదమ్మా," అన్నాడు. నిజమే. ఒక్క సొట్టా లేని ఆ కారు ఎవరిదో అన్నట్టు వెళ్లిపోయింది.

ఇప్పుడు నా క్లాసులో పిల్లలు బోర్డులు చదివి మాటలు పట్టుకొస్తారు. ఏది అతికిన మాట, ఏది కోసిన మాట అని వాదించుకుంటారు. వినపడకపోతే వినపళ్లేదని నేనూ అరుస్తాను. ఆమె పాఠాల టైపు కాపీ నా దగ్గరుంది గానీ తీసి చూడటం తక్కువ. క్లాసులోకి అడుగుపెట్టే ముందు లోపల అనుకునే మాటలు చాలు. మేడంతో నాకు మిగిలిపోయిన సంభాషణ ఒకటుందని చాలాకాలం అనుకున్నాను. ఉద్యోగం వచ్చిందని విని ఆమె ఏమనేవారో అని. ఆ మూడో డెమో రోజు పొద్దున, నేను స్కూలుకు బయల్దేరేటప్పుడు జరిగింది గుర్తు చేసుకున్నకొద్దీ అది మిగిలిపోలేదనిపిస్తోంది.

కారు లేదు గనుక ఆమె నడుచుకుంటూనే పటమట బస్టాపుకు వచ్చారు. నేను ఇస్త్రీ చీరలో, ఫైలు గుండెకు ఆనించుకుని నిలబడి ఉన్నాను. ధైర్యం చెబుతారనుకున్నాను. చెప్పలేదు. ఎదురుగా కొత్తగా పెట్టిన టిఫిన్ సెంటరు బోర్డు చదువుతూ నిలబడ్డారు.

"భయమేస్తోందండీ," అన్నాను.

"వెయ్యనీ."

"గొంతు రాకపోతే?"

"పోపు వేస్తున్నాననుకో."

బెంజి సర్కిల్ వైపు నుంచి బస్సు కనిపించింది. జనం ముందుకు కదిలారు. నేను కదల్లేదు. తర్వాతి దానికి వెళ్తానని అనబోయాను. ఆమె నా మోచేతి కింద చెయ్యి వేసి మెల్లగా ముందుకు తోశారు.

"అదిగో అమ్మాయ్, నీ కొరకు వచ్చింది. ఎక్కు."